సిల్వానస్ ఉదంతం: క్రీ.శ. 355లో ఒక రోమన్ సేనాపతి ద్రోహిగా మారిన తీరు

రోమన్ సామ్రాజ్యపు చివరి దశ చరిత్ర రాసినవాళ్ళు సేనాపతులను సాధారణంగా రెండు వరసల్లో నిలబెడతారు. చక్రవర్తికి కడదాకా కట్టుబడినవాళ్ళు ఒక వరస, చక్రవర్తి చిహ్నమైన ఊదా వస్త్రం కప్పుకుని తిరగబడ్డవాళ్ళు ఇంకో వరస. ఆ సేనాపతి ఫ్రాంకు, గోతు వంటి రోమనేతర తెగలవాడైతే పని మరీ తేలిక. పుట్టుకే ద్రోహానికి కారణమని తేల్చేసి పేజీ తిప్పేస్తారు. క్రీ.శ. 355లో కొలోన్ నగరంలో తనను చక్రవర్తిగా ప్రకటించుకుని నెల తిరక్కుండానే హతమైన సిల్వానస్ ఈ పద్ధతికి లొంగడు. అతను తిరగబడిన తరవాత ద్రోహి కాలేదు. ద్రోహి అని మిలన్‌లోని చక్రవర్తి కొలువులో ముందే ఖాయమైపోయింది కాబట్టి తిరగబడ్డాడు. ఆ కాలపు సేనాపతి విధేయతను అతని మనసులో వెతకడం కంటే, అతనికీ చక్రవర్తికీ నడుమ తిరిగే ఉత్తరాల్లో, ఆ ఉత్తరాలు చేతులు మారే గదుల్లో వెతకడం మేలని నా వాదన.

ఈ ఉదంతానికి ముఖ్య ఆధారం అమ్మియానస్ మార్సెలినస్. గ్రీకు మాతృభాషగా ఉండి లాటిన్‌లో చరిత్ర రాసిన సైనికుడతను. అతని 31 సంపుటాల్లో మొదటి 13 పోయాయి. మిగిలినవి 353 నుంచి మొదలవుతాయి. సిల్వానస్ కథ పదిహేనో సంపుటంలో ఉంది. చదివేవాళ్ళు మరవకూడని సంగతి ఒకటుంది: సిల్వానస్‌ను మట్టుబెట్టడానికి మిలన్ నుంచి వెళ్ళిన బృందంలో ఈ చరిత్రకారుడూ ఒకడు. దాదాపు నాలుగు దశాబ్దాల తరవాత రాస్తూ కూడా ఆ ఘట్టంలో ‘మేము’ అనే అంటాడు. హతుడి మీద అంత జాలి చూపిన కథనం, చంపడానికి వెళ్ళినవాడి చేతినుంచే మనకు అందింది.

సిల్వానస్ పుట్టుకకు ఫ్రాంకు, పెంపకానికి రోమన్, మతానికి క్రైస్తవుడు. తండ్రి బోనిటస్, లికినియస్‌తో జరిగిన అంతర్యుద్ధంలో కాన్‌స్టాంటైన్ పక్షాన పోరాడాడు. 350లో మాగ్నెంటియస్ తిరుగుబాటు చేసి కాన్‌స్టాన్స్ చక్రవర్తి చావుకు కారకుడైనప్పుడు సిల్వానస్ అతని సైన్యంలో ఉన్నాడు. మరుసటి ఏడు మూర్సా యుద్ధానికి ముందు తన దళంతో సహా చక్రవర్తి కాన్‌స్టాంటియస్ వైపు వచ్చేశాడు. మూర్సా అంటే ఇప్పటి క్రొయేషియాలోని ఓసియెక్. ఆ ఫిరాయింపుకు బహుమానం పదాతి సేనాధిపత్యం. అదే ఫిరాయింపు అతని మెడలో గుదిబండ కూడా అయింది. ఒకసారి పక్షం మార్చినవాడు మళ్ళీ మార్చడని నమ్మకమేమిటని కొలువులో ఎవరైనా అనొచ్చు. సిల్వానస్‌కూ ఆ భయం ఉండేది. మూర్సాకు ముందు తాను చేసిన మేలు చెప్పుకోవడానికి ఉన్నా, చక్రవర్తి నిలకడలేని మనిషని అతనికి తెలుసునని అమ్మియానస్ రాశాడు.

గాల్ ప్రాంతం అప్పుడు దాడులతో అల్లాడుతోంది. అక్కడికి సిల్వానస్‌ను పంపమని సలహా ఇచ్చింది అర్బిటియో. మామూలు సిపాయిగా మొదలై సైన్యంలో పై మెట్టుకు ఎక్కినవాడు, 355కు కాన్సల్ కూడా. పోటీదారును దూరం పంపి ప్రమాదంలోకి నెట్టడమే అతని ఎత్తని అమ్మియానస్ అంటాడు. సమర్థుడైన సేనాపతిని కల్లోల ప్రాంతానికి పంపడంలో తప్పుపట్టడానికేమీ లేదు కాబట్టే అది పదునైన ఎత్తు. సిల్వానస్ అక్కడ గెలుస్తూ పోయాడు. మిలన్‌లో అతని తరఫున మాట్లాడే గొంతు సన్నగిల్లుతూ పోయింది.

ఇక అసలు కుట్ర. డైనమియస్ అని చక్రవర్తి సామాను మోసే పశువుల లెక్కలు రాసే ఉద్యోగి ఒకడున్నాడు. తాను సిల్వానస్‌కు కావలసినవాణ్ణని నలుగురికీ తెలియడానికంటూ సిఫారసు ఉత్తరాలు అడిగాడు. సేనాపతి అనుమానించకుండా రాసిచ్చాడు. డైనమియస్ వాటిని దాచి, అదను చూసి తడి స్పాంజితో సిరా తుడిచేశాడు. కింద చేవ్రాలు మాత్రం మిగిల్చాడు. ఆ చేవ్రాలు పైన కొత్త రాత పడింది: తాను పై మెట్టుకు ఎక్కబోతున్నాననీ మిత్రులు సాయపడాలనీ డొంకతిరుగుడు మాటల్లో. ప్రిఫెక్ట్ లాంపాడియస్ ఆ కట్టను చక్రవర్తి ఏకాంతంగా ఉన్నప్పుడు అందించాడు. ఆంతరంగిక సభలో చదివారు. పేర్లున్న అధికారులను నిర్బంధించమనీ, మిగతావాళ్ళను ప్రాంతాల నుంచి పట్టి తెమ్మనీ ఆజ్ఞ అయింది.

సభలో ఎదురు మాట్లాడింది మలారికస్. విదేశీ దళాలకు నాయకుడు, ఫ్రాంకు. సామ్రాజ్యానికి అంకితమైనవాళ్ళను ముఠాల కుట్రలకు బలిపెట్టడం తగదన్నాడు. తన కుటుంబాన్ని పూచీగా ఉంచుతాననీ, మరో అధికారి మల్లోబాడెస్ జామీను ఉంటాడనీ, తానే వెళ్ళి సిల్వానస్‌ను తీసుకొస్తాననీ వేడుకున్నాడు. తనను కాదంటే మల్లోబాడెస్‌నే పంపమన్నాడు. కొత్త మనిషి వెళ్తే, అసలే బెదురు స్వభావం గల సిల్వానస్ కంగారుపడి ఏదో ఒకటి చేస్తాడని హెచ్చరించాడు. నాకు ఈ ఘట్టం మొత్తం వ్యవహారానికి కీలకంగా కనిపిస్తుంది. మలారికస్ ప్రతిపాదన కుటుంబాలను, స్నేహాలను పూచీ పెట్టే పాత పద్ధతి. దాన్ని కాదని చక్రవర్తి వేగుల శాఖకు చెందిన అపోడెమియస్‌కు ఉత్తరమిచ్చి పంపారు. అతను గాల్ చేరి సిల్వానస్‌ను కలవనే లేదు, ఉత్తరం ఇవ్వనే లేదు. ఖజానా అధికారిని పిలిపించుకుని, మరణశిక్ష పడ్డవాడి ఆస్తి మీద పడ్డట్టు సిల్వానస్ ఆశ్రితుల మీద, బానిసల మీద పడ్డాడు. ఆరోపణకు విచారణే జరగలేదు, జప్తు మాత్రం మొదలైంది.

ఈలోగా డైనమియస్ తన కూటలేఖకు బలం చేకూర్చబోయి బోర్లాపడ్డాడు. సిల్వానస్, మలారికస్ పేర్లతో క్రెమోనా ఆయుధ కర్మాగారం అధికారికి మరో దొంగ ఉత్తరం పంపాడు: అన్నీ త్వరగా సిద్ధం చేయమని. ఆ అధికారికి తలా తోకా అర్థం కాలేదు. వీళ్ళతో తాను ఎన్నడూ రహస్యాలు మాట్లాడినవాడు కాదు. తెచ్చినవాడి వెంటే ఒక సైనికుణ్ణి తోడిచ్చి ఉత్తరాన్ని మలారికస్‌కే తిప్పి పంపుతూ, తాను మోటు మనిషిననీ ఏం కావాలో విప్పి చెప్పమనీ అడిగాడు. కుట్ర బయటపడింది. ఫ్లోరెంటియస్ అనే అధికారి ఉత్తరాలను పరిశీలించి, కొత్త రాత కింద పాత అక్షరాల జాడలు పట్టుకున్నాడు. లాంపాడియస్ పదవి పోయింది కానీ మిత్రుల పుణ్యమా అని శిక్ష తప్పింది. డైనమియస్‌కు టస్కనీ పాలకుడి పదవి దక్కింది!

నిజం తేలేసరికి కొలోన్‌లో జరగాల్సింది జరిగిపోయింది. అపోడెమియస్ ఆగడాల కబురు అందిన సిల్వానస్ మొదట ఫ్రాంకుల దగ్గరికి పారిపోదామనుకున్నాడు. వద్దన్నది లానియోగైసస్. ఇతని నేపథ్యం గమనించాలి: 350లో కాన్‌స్టాన్స్ ప్రాణాలు వదులుతుంటే అందరూ జారుకోగా పక్కన మిగిలినవాడు ఇతనొక్కడే. తానూ ఫ్రాంకే. అలాంటివాడు చెప్పిన మాట, ఫ్రాంకులు నిన్ను చంపుతారు, లేదంటే డబ్బుకు అప్పగిస్తారు అని. జాతి రక్తమే ఈ సేనాపతులను నడిపిందనే వాదానికి ఇంతకన్న గట్టి ఎదురుసాక్ష్యం అక్కర్లేదు. సిల్వానస్‌కు వెనక్కి పోవడానికి జాతి లేదు, ముందుకు పోవడానికి చక్రవర్తి లేడు. అడకత్తెరలో పోకచెక్క. సైనిక పతాకాల నుంచి ఊదా గుడ్డ చింపి కప్పుకుని చక్రవర్తినన్నాడు.

ముందే పన్నిన పథకం కాదనడానికి జీతాల లెక్క సాక్ష్యం. తరవాత జరిగిన విచారణలో సిల్వానస్ సహాయకుడు ప్రోకులస్ ఇదే చెప్పాడు: ఊదా వస్త్రం కప్పుకోవడానికి ఐదు రోజుల ముందు సిల్వానస్ సైనికులకు కాన్‌స్టాంటియస్ పేరు మీదే జీతం పంచి, ధైర్యంగా విధేయంగా ఉండమని ఉద్బోధించాడు. సింహాసనం మీద కన్నుంటే అంత బంగారాన్ని తన పేరు మీదే పంచేవాడు కదా అన్నది ప్రోకులస్ ప్రశ్న. నాలుగో శతాబ్దపు సైన్యంలో సైనికుడి విధేయత, బంగారం ఎవరి పేరు మీద చేతికొస్తే వాళ్ళది. అది తెలియని సేనాపతి ఉండడు.

కబురు మిలన్ చేరిన రాత్రే సభ కూడింది. పిలిపించింది ఉర్సికినస్‌ను. తూర్పు సరిహద్దు సేనాధిపతి, అమ్మియానస్‌కు పై అధికారి. ఇతనూ అనుమానితుడే, కొద్దికాలం ముందే విచారణ లేకుండా అంతం చేయాలనుకుని వాయిదా వేశారు. ఇప్పుడు సగౌరవంగా పిలిచి పంపడంలో లెక్క స్పష్టం: సిల్వానస్ చస్తే మంచిదే, ఉర్సికినస్ చస్తే అదీ మంచిదే. సేనాపతుల మీద సేనాపతులను ఉసిగొల్పడం కాన్‌స్టాంటియస్ పాలనకు వెన్నెముక అని ఈ ఒక్క నిర్ణయం చెబుతుంది.

చక్రవర్తికి తిరుగుబాటు సంగతే తెలియనట్టు, సిల్వానస్‌ను గౌరవంగా వెనక్కి పిలిచే ఉత్తరం చేతిలో పెట్టుకుని బృందం పగలూ రాత్రీ ప్రయాణించింది. ఉర్సికినస్ కొత్త చక్రవర్తికి నమస్కరించాడు, నమ్మకం సంపాదించాడు. సిల్వానస్ అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని గోడు వెళ్ళబోసుకున్నాడు: అనర్హులు కాన్సల్ పదవులకు ఎగబాకుతుంటే సామ్రాజ్యం కోసం చెమటోడ్చిన మనిద్దరికీ దక్కింది తిరస్కారమే కదా అని. ఆ వేదన బూటకం కాదు, వింటున్నవాడి పరిస్థితీ అదే. అయినా ఉర్సికినస్ పని ఆపలేదు. బ్రాకియాటి, కోర్నుటి అనే దళాల్లో డబ్బుకు వంగే మనుషులను చూసి కొన్నారు. తెల్లవారుతుండగా వాళ్ళు కాపలావాళ్ళను నరికి లోపల పడ్డారు. క్రైస్తవ ప్రార్థనకు బయలుదేరిన సిల్వానస్ ఒక చిన్న మందిరంలో దూరాడు. బయటికి లాగి పొడిచేశారు. ఇది అతని ఏలుబడి 28వ రోజు ప్రాంతంలో అని ఆ కాలపు చరిత్రకారుడు ఆరీలియస్ విక్టర్ రాశాడు.

1994లో చరిత్రకారుడు డ్రింక్‌వాటర్ ఈ కథను మూలంలోనే ప్రశ్నించాడు. సిల్వానస్‌దని ఖాయంగా చెప్పగల నాణెం లేదు. తిరుగుబాటే జరగలేదనీ, హత్యను సమర్థించుకోవడానికి అల్లినదనీ అతని ప్రతిపాదన. నాణేల మౌనాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ కొలోన్‌లో టంకశాల లేదు, ఉన్నది ట్రియర్‌లో. నెలకు తక్కువ ఏలుబడిలో ట్రియర్ అతని చేతికి చిక్కిందనడానికి ఆధారం లేదు. పైగా కొద్దికాలానికే, తరవాత చక్రవర్తి అయిన జూలియన్ రాసిన ప్రశంసా ప్రసంగాల్లో ఈ తిరుగుబాటు ప్రస్తావన ఉంది. సిల్వానస్ చిన్న కొడుకును చక్రవర్తి చంపలేదని పొగడ్త కూడా ఉంది. అవి కొలువు మెప్పుకోసం రాసినవే. కాబట్టి తిరుగుబాటు జరిగిందని ఒప్పుకుంటూనే, అమ్మియానస్ వివరాల్లో కొంత తన యజమానిని కాపాడే ప్రయత్నమని చదవడం నాకు సమంజసంగా తోస్తుంది. కుట్ర అంతా గుమాస్తాలది, నేరం అంతా అర్బిటియోది అంటే ఉర్సికినస్ చేతులు కొంత శుభ్రంగా కనిపిస్తాయి.

హత్య తరవాత ప్రతీకారం ఎవరి మీద పడిందో చూస్తే విధేయత లెక్క ఎంత తలకిందులైందో తెలుస్తుంది. చంపబడ్డవాళ్ళలో పోయిమేనియస్ ఉన్నాడు. మాగ్నెంటియస్ బంధువు డెసెంటియస్‌కు ట్రియర్ ప్రజలు తలుపులు మూసినప్పుడు తమ రక్షణకు ఎన్నుకున్నది ఇతన్నే. అంటే కాన్‌స్టాంటియస్ శత్రువును ఎదిరించినవాడు. సిల్వానస్ పోయిన కొద్ది నెలలకే కొలోన్ ఫ్రాంకుల వశమైంది.

ఇదే కొలువు తీరు 408లో ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. పశ్చిమ సామ్రాజ్య సేనాపతి స్టిలికో మీద కొలువు అధికారి ఒలింపియస్ గుసగుసలతో మొదలైనది టికినం నగరంలోని సైన్యపు తిరుగుబాటుగా మారింది. రావెన్నాలో స్టిలికో తనను విడిపించబోయిన అనుచరులను తానే వారించి మెడ వంచాడు. ఇటలీ నగరాల్లో విదేశీ సైనికుల భార్యాబిడ్డలను ఊచకోత కోయడంతో 30,000 మందికి పైగా గోతుల నాయకుడు అలారిక్‌తో కలిశారని చరిత్రకారుడు జోసిమస్ అంటాడు. స్టిలికోపై కత్తి ఎత్తిన హెరాక్లియన్‌కు ఆఫ్రికా అధికారం బహుమానం. 410 ప్రాంతంలో ధాన్యం ఆపి చక్రవర్తి హొనోరియస్‌ను కాపాడిందీ, 413లో కాన్సల్ పదవిలో ఉంటూనే నౌకాదళంతో ఇటలీ మీదికి వచ్చిందీ ఆ ఒక్క మనిషే.

మళ్ళీ సిల్వానస్ కథలోని మనుషుల దగ్గరికి వస్తే, ఉర్సికినస్ వంతు 360లో వచ్చింది. అమిడా కోట పర్షియన్ల పాలైనందుకు సంజాయిషీ అడగడానికి నియమించింది ఇద్దరిని: ఒకడు అర్బిటియో, రెండోవాడు సిల్వానస్ ఉత్తరాల్లో పాత అక్షరాలు పట్టుకున్న ఫ్లోరెంటియస్. ఉర్సికినస్‌ను కొలువు నుంచి తొలగించారు. 361 చివర్లో కాన్‌స్టాంటియస్ చనిపోయి జూలియన్ గద్దెనెక్కాక, పాత కొలువు పెద్దల మీద కాల్సిడాన్‌లో విచారణ జరిగింది. సిల్వానస్ చావు కోసం తహతహలాడిన అపోడెమియస్‌ను సజీవంగా దహనం చేశారు. తీర్పరుల్లో అర్బిటియో ఉన్నాడు. రెండేళ్ళ తరవాత, 363లో, ఇటలీలో మామూలు జీవితం గడుపుతున్న మలారికస్‌కు కొత్త చక్రవర్తి జోవియన్ గాల్ సేనాధిపత్యం ఇవ్వజూపాడు. అతను పుచ్చుకోలేదు.