కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే: ఒక చెయ్యి నుంచి పది చేతుల దాకా

మా పటమట సంఘాల్లో పెద్ద వయసు అక్కల్ని పురుళ్ళ గురించి అడిగితే ముందు మంత్రసానమ్మ గురించే చెబుతారు. మాయ పడక, పడినా గర్భసంచి బిగుసుకోక నెత్తురు ఆగకపోతే పాపం ఆమె ఒక్కతే ఏం చేస్తుంది? నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం పారుతుంటుంది. ఆగకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు.

కృష్ణ అవతల గుంటూరుకి 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ వచ్చారు. 1898లో అక్కడ ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి తెరిచారు. మగ డాక్టరుకి చెయ్యి కూడా చూపించని రోజులవి. అయితే రక్తంలో గ్రూపులున్నాయని తెలిసిందే 1901లో. గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ మందును ల్యాబులో తయారుచేసింది 1953లో. ఆ తొలి రోజుల్లో ఎంత చదివిన డాక్టరమ్మకైనా దాదాపు మంత్రసానమ్మ కష్టమే.

రక్తం దొరకటం ఇంకో కథ. డబ్బుకి రక్తం అమ్ముకునేవాళ్ళు ఉండేవాళ్ళు, ఆ రక్తంతో జబ్బులూ వచ్చేవి. సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం ఆగింది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది. 2004-06లో లక్ష కాన్పులకి 154 మంది తల్లులు చనిపోయేవాళ్ళు, 2018-20కి ఆంధ్రలో అది 45. ఇదంతా ఒక్క దానివల్లే తగ్గిందని మేము అనం.

ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఇలాంటి కేసు వస్తే నర్సమ్మ పొట్ట మర్దన చేస్తూ, మందు ఎక్కిస్తూ కేకేస్తుంది. కాన్పు డాక్టరు మాయ ముక్క మిగిలిందా, ఎక్కడన్నా చిరిగిందా అని చూస్తారు. మత్తు డాక్టరు బీపీ, ఊపిరి కనిపెట్టి ఉంటారు. ల్యాబు వాళ్ళు రక్తం సరిపోతుందో లేదో కలిపి చూస్తారు, బ్లడ్ బ్యాంకు పంపిస్తుంది. మాయ మూత్రసంచిలోకి పాకితే ఆ డాక్టరూ రావాలి. కొన్నిచోట్ల ఎక్స్‌రే డాక్టరు తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి గర్భసంచికి వెళ్ళే రక్తనాళాన్ని మూసేస్తారు. గర్భసంచి తియ్యక తప్పదంటే ఆ మాట ఆలస్యం చెయ్యకుండా చెప్పగలిగే పెద్ద డాక్టరు కావాలి.

పేద దేశాల వాళ్ళూ ఇందులో దారి చూపించారు. ఢాకాలో సయేబా అఖ్తర్ అనే డాక్టరమ్మ కండోమ్‌ని గొట్టానికి కట్టి, లోపల సెలైన్ నింపి రక్తం ఆపింది. 23 మందికి చేస్తే 23 మందికీ పావుగంటలో ఆగిందని 2003లో రాసింది. ఆఫ్రికాలో నాలుగు దేశాల ఆసుపత్రుల్లో, కారిన రక్తాన్ని కొలతలున్న షీటులో పట్టి, ఎక్కువనిపిస్తే మందులన్నీ ఒకేసారి ఇచ్చారు. తీవ్ర రక్తస్రావం, దానితో వచ్చే ఆపరేషన్లు, చావులు కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది. కంటి అంచనాకి కారిన రక్తం అసలు కన్నా తక్కువగా కనబడుతుందట.

మా సభ్యురాలి కోడలికి ఒక చిన్న ఆసుపత్రిలో ఇలాగే అయింది. మత్తు డాక్టరు వచ్చేసరికి గంట, రక్తం తెచ్చేసరికి ఇంకో గంట. పిల్ల బతికింది, గర్భసంచి మిగల్లేదు. ఆ నెల మీటింగులో అప్పుల లెక్క కాస్త పక్కన పెట్టి అందరి బ్లడ్ గ్రూపులూ మినిట్స్ పుస్తకంలో రాద్దామనుకున్నాం. సగం మందికి తమ గ్రూపేమిటో తెలియదు. ఆ గడులు ఖాళీగా ఉంచి, పరీక్ష చేయించుకున్నవాళ్ళవి ఒక్కొక్కటే నింపుతున్నాం.