నెత్తుటి చుట్టరికము

మన భాషలో రక్తసంబంధమను మాటకున్న బలము చాల గొప్పది. "నా రక్తము పంచుకొని పుట్టినవాడు" అని తల్లి కొడుకును గూర్చి చెప్పుకొనును. ఆసుపత్రిలో ఆప్తునకు నెత్తురు కావలసివచ్చినపుడు అన్నదమ్ములు ముందుగా చేయి చాపుటకు ఈ విశ్వాసమే కారణము. ప్రేమ విషయమున అది సత్యమే. శరీరధర్మము విషయమున మాత్రము అర్ధసత్యము. తోడబుట్టినవాని నెత్తురు ప్రాణాపాయకరమై, ఊరుపేరు తెలియనివాని నెత్తురు ప్రాణదాయకము కావచ్చును. ఈ విషయమును గ్రహించుటకు వైద్యులకు రెండు శతాబ్దములకు పైగా పట్టినది. ఆ చరిత్రను నేడు మనము కొంత పరిశీలింతము.

1628లో ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం హార్వే, రక్తము గుండె ప్రేరణచే శరీరమంతట తిరుగుచుండునని నిరూపించెను. తిరుగునదైనచో వెలుపలినుండి కొంత దానిలో చేర్చవచ్చును గదా అను ఆలోచన సహజముగనే పుట్టినది. 1665లో రిచర్డు లోయరు ఒక కుక్క నెత్తురును వేరొక కుక్కకు ఎక్కించి చూచెను. 1667 జూన్‌లో జాన్ బాప్తిస్తు దెనీ అను ఫ్రెంచి వైద్యుడు పారిస్‌లో జ్వరపీడితుడగు ఒక బాలునకు గొఱ్ఱెపిల్ల నెత్తురు ఎక్కించెను. బాలుడు బ్రతికెను. దెనీ దానిని తన విద్యకు విజయమని తలంచెను. ఎక్కించిన నెత్తురు స్వల్పమగుట ఆ బాలుని అదృష్టమని నేడు మనము చెప్పగలము.

ఆ యేటనే మతి చలించిన ఆంత్వాన్ మోర్వా అను నతనికి దెనీ దూడ నెత్తురు ఎక్కించెను. రెండవ పర్యాయము ఎక్కించినంతనే రోగి చేయి వేడెక్కినది, నాడి వడిగొన్నది, చెమటలు పట్టినవి, నడుము నొప్పి పుట్టినది. మరునాడు మూత్రము పొగగొట్టపు మసివలె నల్లగా వచ్చెనని దెనీయే వ్రాసియున్నాడు. పొసగని ఎఱ్ఱకణములు పగిలి, అందలి రంగు మూత్రమున వెడలినదని నేటి వైద్యుడు వెంటనే గ్రహించును. దెనీకి మాత్రము అది రోగము వదలిపోవుచున్న గుర్తుగా తోచినది. కొంతకాలమునకు రోగి మరణించెను. వ్యవహారము న్యాయస్థానమున కెక్కినది. విషప్రయోగము జరిగినదని తేలి 1668లో దెనీ నిర్దోషిగా బయటపడెను. అయినను, వైద్యపీఠపు అనుమతి లేనిదే ఇట్టి చికిత్స చేయరాదని న్యాయస్థానము కట్టడి చేసినది. దానితో సుమారు నూట ఏబది సంవత్సరములు ఈ ప్రయత్నము మూలబడినది.

దానిని మరల చేపట్టినవాడు లండనులోని ప్రసూతి వైద్యుడు జేమ్సు బ్లండెల్. కాన్పు తరువాత నెత్తురు ఆగక కనులయెదుట ప్రాణములు విడుచు తల్లులను చూచి అతడు సహింపలేకపోయెను. ఒక జాతి జంతువు నెత్తురు వేరొక జాతికి పనికిరాదని ముందుగా పరీక్షలు చేసి తెలిసికొనెను. మనుష్యునకు మనుష్యుని నెత్తురే ఎక్కింపవలెనని నిశ్చయించి, 1818లో ఆ పనికి పూనుకొనెను. తరువాతి సంవత్సరములలో కొందరు తల్లులు బ్రతికిరి, కొందరు మరణించిరి. ఒకే చేయి, ఒకే పిచికారి, ఒకే శ్రద్ధ. ఫలితము మాత్రము జూదమువలె నుండెను. కారణము బ్లండెల్‌కు అంతుపట్టలేదు.

ఆ కారణమును కనుగొనినవాడు వియన్నా నగరపు కార్ల్ లాండ్‌స్టైనర్. అతడు తన నెత్తురును, తన తోటి పరిశోధకుల నెత్తురును తీసి, ఎఱ్ఱకణములను, రసిని వేరుచేసెను. ఒక్కొక్కరి కణములను ఒక్కొక్కరి రసితో కలిపి చూచెను. కొన్ని జతలలో ద్రవము సమముగ నిలిచినది. కొన్నిటిలో కణములు విరిగిన పాలవలె గడ్డలు కట్టినవి. రోగము లేని మనుష్యుల నెత్తురులోనే ఈ భేదమున్నదని గ్రహించి, 1901లో మూడు వర్గములను ప్రకటించెను. నాలుగవ వర్గము 1902లో బయటపడినది. ఇవియే మనమెఱిగిన ఏ, బీ, ఏబీ, ఓ వర్గములు. ఇందులకు 1930లో అతనికి నోబెల్ బహుమానము లభించినది.

ఇందలి సూత్రము కఠినమైనది కాదు. ఎఱ్ఱకణముల పైపొరపై ఏ గుర్తు, బీ గుర్తు అని రెండు గుర్తులు ఉండవచ్చును. ఏ వర్గమువారి రసిలో బీ గుర్తును ఎదిరించు పదార్థము, బీ వర్గమువారి రసిలో ఏ గుర్తును ఎదిరించు పదార్థము ఉండును. ఏబీ వారికి రెండు గుర్తులును కలవు. ఎదిరించు పదార్థములు లేవు. ఓ వారికి గుర్తులు లేవు. ఎదిరించు పదార్థములు రెండును కలవు. కనుక ఓ కణములను ఈ పద్ధతిలోని అన్ని వర్గములవారును పొందవచ్చును. ఓ వారు మాత్రము ఓ కణములనే పొందవలెను. తండ్రి ఏ, తల్లి బీ అయినచో వారి నలుగురు బిడ్డలు నాలుగు వర్గములవారు కావచ్చును! ఒక్క పళ్ళెములో తిని పెరిగిన అన్నదమ్ములకే ఒకరి నెత్తురు ఒకరికి సరిపడకపోవుటలో వింత లేదు.

1914లో సోడియం సిట్రేటు కలిపిన నెత్తురు గడ్డకట్టదని తెలిసినది. నెత్తురును నిలువచేయుట, రక్తనిధులు ఏర్పడుట దాని ఫలములు. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ అను వారు ఆర్‌హెచ్ గుర్తును ప్రకటించిరి. తల్లికి ఈ గుర్తు లేక, గర్భస్థ శిశువునకు ఉన్నచో, తరువాతి కాన్పులలో బిడ్డకు హాని కలుగవచ్చును. దానిని నివారించు సూదిమందు 1968 నుండి వాడుకలోనికి వచ్చినది.

ఈ చరిత్రలో మన దేశమునకును ఒక పుట కలదు. 1952లో బొంబాయిలో డాక్టరు వై. ఎం. భెండే, ఆయన సహచరులు ఒక విచిత్రమైన రక్తవర్గమును కనుగొని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఏ, బీ గుర్తులకు పునాదియైన హెచ్ అను పదార్థమే వీరి కణములపై లేదు. సాధారణ పరీక్షలో వీరి నెత్తురు ఓ వర్గమువలె కనబడును. కాని ఓ కణములపై హెచ్ సమృద్ధిగ నుండుటచే ఆ నెత్తురు వీరికి అపాయకరము. ఈ బొంబాయి వర్గమువారికి అదే వర్గపు కణములు కావలెను. మన దేశమున సుమారు 10,000 మందిలో ఒకరు ఇట్టివారని అంచనా. తల్లిదండ్రులిరువురి నుండి సంక్రమించు లక్షణమగుటచే, ఇట్టివారికి తోబుట్టువులను పరీక్షించుట ముఖ్యము. లేనిచో వేఱొక రాష్ట్రమున నున్న అపరిచితుని వెదకవలసివచ్చును.

ఎక్కించుటకు ముందు దాత కణములను రోగి రసితో కలిపి పరీక్షించు ఆచారము ఇందుకే ఏర్పడినది. ఆ పరీక్షకు పట్టు సమయమును చూచి రోగి బంధువులు విసుగుకొనుట కద్దు. ఆ కొలది నిమిషముల వెనుక మోర్వా బాధయు, బ్లండెల్ చేతిలో మరణించిన తల్లుల కథయు ఉన్నవని వారు గుర్తింపవలెను.

ఇంతవరకు మానవుడు నెత్తురుకు సరియైన బదులును తయారుచేయలేదు. ఎఱ్ఱకణములు చల్లని పెట్టెలలో సుమారు ఆరు వారములకు మించి నిలువవు. డబ్బు తీసికొని నెత్తురమ్ము పద్ధతిని నిలిపివేయవలెనని 1996లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇక మిగిలినది దానమొక్కటే. 18 మొదలు 65 సంవత్సరముల వయస్సు, 45 కిలోలకు తగ్గని బరువు, తగిన ఆరోగ్యము ఉన్నవారు వైద్యుని పరీక్ష పిమ్మట దాతలు కావచ్చును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒక పర్యాయము ఈయవచ్చును.

ఇంటిల్లిపాది తమతమ రక్తవర్గములను పరీక్ష చేయించుకొని, ఒక చీటిపై వ్రాసి అందరికి తెలిసిన చోట ఉంచుట మంచిదని మేము సూచించుచున్నాము. ఫలానా వర్గపు నెత్తురు అవసరమను ప్రకటన మీ చెవిని పడినపుడు, రోగి కులమేమి, ఊరేమి అని విచారింపనక్కరలేదు. వర్గము కలిసినచో ఆ రోగి మీ చుట్టమే.