వారసత్వం – వారసులెవరు?

తెలుగులో ‘వారసత్వం’ అనగానే ముందు గుర్తొచ్చేది ఆస్తి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి దిగే పొలం, ఇల్లు. గుళ్ళనీ పాటల్నీ అడవుల్నీ కూడా ఇప్పుడు మనం ఇదే మాటతో పిలుస్తున్నాం. మాటతో పాటు దాని వెనకున్న పాత ప్రశ్న కూడా వస్తుంది కదా. వారసులెవరు?

యునెస్కో 1972 ఒప్పందం ప్రపంచ వారసత్వాన్ని రెండుగా విడదీసింది. కట్టడాలు, శిల్పాలు, పురావస్తు స్థలాలు సాంస్కృతికం. కొండలు, అడవులు, అరుదైన జీవజాతులుండే చోట్లు సహజం. రెండు లక్షణాలూ ఉంటే మిశ్రమం. మనదేశంలో ఈ మూడో కోవలో మొదట చేరింది సిక్కింలోని కాంచన్‌జంగా జాతీయ ఉద్యానం, 2016లో. పాట, ఆట, పండగ, చేతిపని, ప్రకృతి గురించిన జ్ఞానం లాంటివాటికి మాత్రం 2003లో ఇంకో ఒప్పందం రావాల్సొచ్చింది. స్త్రీల నోళ్ళలో, చేతుల్లో ఎక్కువగా బతికే రకాన్ని అన్నిటికంటే చివర గుర్తించడం కాకతాళీయం అనుకోలేను. గుడి కట్టించినవాడి పేరు శాసనంలో ఉంటుంది. పాట కట్టినామె పేరు ఎక్కడుంటుంది?

పాలంపేట రామప్ప గుడినే తీసుకుందాం. 1213లో దాన్ని కట్టించింది కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. చూరు కింద నల్లరాతి మదనికలు, లోపలి స్తంభాల మీద నర్తకులు ఆ గుడికి పెద్ద పేరు తెచ్చారు. ఆ శిల్పాలు చెక్కిన కాలంలో గుళ్ళలో నిజంగా ఆడిన, పాడిన స్త్రీలున్నారు. గుడిసానులు గుళ్ళకు దానాలు చేసిన సంగతి కాకతీయుల నాటి శాసనాలే చెబుతున్నాయి. రాతి నర్తకి జాబితాకెక్కింది. మరి, రక్తమాంసాల నర్తకి ఏమైంది?

దీనికి జవాబు కోస్తాలోని కళావంతుల చరిత్రలో కొంత దొరుకుతుంది. ఆ ఇళ్ళలో ఆటా పాటా ఆస్తీ తల్లి నుంచి కూతురికి దిగేవి. కన్నకూతురు లేకపోతే పెంచుకున్న కూతురికి. 1947 నాటి మద్రాసు చట్టం ఆడపిల్లల్ని గుడికి అంకితం చెయ్యడాన్నే కాక, గుళ్ళో వాళ్ళు ఆడడాన్ని కూడా నిషేధించింది. ఆ వ్యవస్థలోని దోపిడీని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. ముత్తులక్ష్మీరెడ్డి పోరాటం వెనక ఎందరో ఆడపిల్లల కన్నీళ్ళున్నాయి. కానీ దోపిడీతో పాటు విద్య కూడా నేరమైపోయింది. దాదాపు ఆ కాలంలోనే భరతనాట్యం, కూచిపూడి గౌరవనీయమైన కళలుగా అగ్రవర్ణ కుటుంబాల ఆడపిల్లలకి అందాయి. కళ మిగిలింది, వారసురాళ్ళు మారిపోయారు.

పుస్తకాల సంగతీ ఇంతే. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని తన కుటుంబంలోని స్త్రీలను గర్వంగా తలుచుకుంటూ ‘రాధికా సాంత్వనము’కి పీఠిక రాసుకుంది. 19వ శతాబ్దపు అచ్చుప్రతిలో ఆ పీఠికని తీసేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠాన్ని అచ్చు వేయిస్తే అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం వచ్చాక గానీ ఆ నిషేధం తొలగలేదు. నన్ను అన్నిటికంటే బాధించేది ఆ పీఠిక కోత. శృంగారం సంగతి అలా ఉంచితే, తన అమ్మమ్మల నుంచి తనకి కవిత్వం వచ్చిందని ఒక స్త్రీ చెప్పుకున్న మాటే కత్తెరకు చిక్కింది.

ఇక బతుకమ్మ. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. ఈ పండగని పైన చెప్పిన ఏ గడిలో పెడదాం? తంగేడు, గునుగు ఎవరూ విత్తకుండా బీళ్ళలో, గట్ల మీద పూస్తాయి. ఏ పువ్వు ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుందో ఊళ్ళో ఆడవాళ్ళకి తెలుసు. పేర్చడం చేతి విద్య, పాట నోటి విద్య. సాగనంపడానికి చెరువు కావాలి. పత్తిచేలో గునుగు కలుపు కింద లెక్క, మందు కొడితే పోతుంది. చెరువు పూడిస్తే పాట ఎక్కడ ఆగాలి? సహజం, సాంస్కృతికం అన్న విభజన ఆఫీసు ఫైళ్ళకి పనికొస్తుందేమో గానీ, ఆడవాళ్ళ బతుకులో అవి ఎప్పుడూ విడిగా లేవు.

ఉమ్మడి ఆస్తిలో హిందూ కూతురికి సమాన వాటానిచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది. దేశమంతటా 2005 సెప్టెంబరులో అమల్లోకొచ్చింది. 2003 నాటి యునెస్కో ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించింది కూడా 2005 సెప్టెంబరులోనే. మొదటి చట్టం కింద వాటా అడిగితే కూతురు కోర్టుకెళ్ళగలదు. రెండో దానిలో ఆమె వాటా ఏమిటో ఎవరూ లెక్కగట్టలేదు. ఆ లెక్క మనమే మొదలుపెట్టాలి. పాట సేకరిస్తే పాడినామె పేరు అడిగి రాద్దాం. నాట్యం గురించి రాస్తే అది ఎవరి ఇంటినుంచి వచ్చిందో రాద్దాం. పాత పుస్తకం మళ్ళీ వేస్తే పీఠికతో సహా వేద్దాం.