చిల్లర వదిలేసిన కంప్యూటరు

అర్ధ సంవత్సరపు లెక్కలు ముగించిన రాత్రులను మన బ్యాంకు మిత్రులెవరూ మరచిపోరు. ఐదు పైసల తేడా వస్తే లెడ్జర్లన్నీ మళ్ళీ తిరగేయవలసిందే. "ఆ ఐదు పైసలూ నేనే వేసేస్తాను సార్" అన్న కుర్ర గుమాస్తాను పెద్దలు కసిరేవారు. తేడా చిన్నదైనా తప్పు చిన్నది కాకపోవచ్చునని వారి భయం. ఆ భయం ఎంత సహేతుకమో కెనడాలోని వాంకోవర్ స్టాక్ ఎక్స్ఛేంజి అనుభవం చెబుతుంది.

1982 జనవరిలో ఆ ఎక్స్ఛేంజి 1000.000 పాయింట్లతో కొత్త సూచీని ప్రారంభించింది. లెక్క కట్టే పని కంప్యూటరుది. సూచీ నెలనెలా దిగజారుతూ 1983 నవంబరు 25, శుక్రవారం నాటికి 524.811 వద్ద ముగిసింది. షేర్ల ధరలు చూస్తే మాత్రం అంతటి పతనం లేదు! లెక్కను తిరిగి వేయించగా లోపం బయటపడింది.

లావాదేవీ జరిగినప్పుడల్లా, అంటే రోజుకు సుమారు 3,000 సార్లు, కంప్యూటరు సూచీని మార్చేది. మూడు దశాంశ స్థానాలు ఉంచి, మిగిలిన అంకెలను కొట్టివేసేది. 532.7138 వస్తే 532.714 అని సవరించాలి, అది 532.713 అని రాసుకునేది. సవరిస్తే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వచ్చి తేడాలు సరిపోతాయి. కొట్టివేస్తే ఎప్పుడూ తరుగే. ఒక్కసారికి పోయేది సగటున పాయింటులో రెండువేలవ వంతు. కాని ఆ తరిగిన అంకె మీదనే తరువాతి లెక్క సాగేది. ముందు పేజీ మొత్తంలో తప్పుంటే, క్యారీ ఫార్వర్డ్ చేసిన ప్రతి పేజీకీ అది పాకినట్లే. అలా రోజుకు ఒక పాయింటుకు పైగా హరించుకుపోయింది.

సోమవారం, నవంబరు 28న, సరిచేసిన సూచీ 1098.892 వద్ద మొదలైంది. రెండురోజుల సెలవులో 574.081 పాయింట్లు పెరిగాయన్నమాట! నిజానికి మార్కెట్టు పడిపోనేలేదు. పడింది అంకె మాత్రమే. ఆ అంకెను నమ్మి షేర్లు తెగనమ్ముకున్నవారు ఎవరైనా ఉంటే, వారి నష్టాన్ని ఏ సవరణ పూడ్చగలదు?

1999లో ఆ ఎక్స్ఛేంజి అల్బర్టా ఎక్స్ఛేంజితో విలీనమైంది. పేరు పోయినా పాఠం మిగిలింది. పెన్షను బకాయిల లెక్క కంప్యూటరు నుంచి వచ్చిందని కళ్ళు మూసుకుని సంతకం చేయవద్దు. మిత్రులారా, కాగితం, పెన్సిలు తీసి ఒకసారి మీరే కూడి చూసుకోండి. ఆ విద్య మనకు కొత్త కాదు గదా!