ఉత్తర సర్కారులలో ఫ్రెంచి ప్రాబల్య పతనం – బొబ్బిలి గాథ

ప్రవేశిక

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం తెలుగు సాహిత్యంలో రెండు సంస్థానాల వైరంగా, వెలమ వీరుల ఆత్మాభిమాన గాథగా స్థిరపడింది. వలస పాలన చరిత్రలో ఉంచి చూస్తే, అదే ఘటన ఉత్తర సర్కారులలో ఫ్రెంచి ప్రాబల్య పతనానికి నాందిగా కనిపిస్తుంది. ఈ రెండు దృష్టులకు గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శిస్తుకై కుదిరిన మైత్రి

1753లో నిజాం సలాబత్ జంగ్ ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను బుస్సీ సేనల పోషణ నిమిత్తం ఫ్రెంచివారికి ఇచ్చాడు. అయితే సనదు చేతికి రావడం వేరు, శిస్తు చేతికి రావడం వేరు. కోటలూ బంట్లూ గ్రామాలపై పట్టూ జమీందారులవే. అందువల్ల బుస్సీ విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజుతో మైత్రి చేసుకోవలసివచ్చింది. ఆ మైత్రి ఫ్రెంచివారికి బలమయింది. స్థానిక వైరాలలోకి వారిని ఈడ్చిన బలహీనత కూడా అదే. బొబ్బిలి కోట కూలింది. కాని తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే హతమార్చడంతో ఫ్రెంచివారి ప్రధాన ఆలంబనమూ కూలింది.

బుస్సీ ఏర్పాట్లతో తృప్తి చెందని వారసుడు ఆనందగజపతిరాజు 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుంచి చేజిక్కించుకొని ఆంగ్లేయులను ఆహ్వానించాడు. ఆ ఏడే లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. క్లైవు బెంగాలు నుంచి పంపిన కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుబడింది. 1954 దాకా ఫ్రెంచివారికి ఈ తీరాన మిగిలిన ప్రధాన స్థావరం యానాం మాత్రమే.

సాహిత్య సాక్ష్యం

దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్ర’, జంగాలు పాడిన బొబ్బిలి కథ, వేదం వేంకటరాయశాస్త్రి ‘బొబ్బిలి యుద్ధ’ నాటకం వేర్వేరు ప్రక్రియలకు చెందినా, వీటన్నిటిలోనూ కథకు కేంద్రం వంశ గౌరవమే. శిస్తు సమస్య వెనుకకు జరిగింది. అంతమాత్రాన సాహిత్యం చరిత్రను విస్మరించిందనడం తొందరపాటు. రంగారావు కోటను విడిచిపెడితే మరొకచోట అంతే విలువగల భూములిస్తానని బుస్సీ ప్రతిపాదించినట్లు ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. సామ్రాజ్యానికి భూమి ఒక లెక్క. ఒకదానికి బదులు మరొకటి చెల్లుతుంది. బొబ్బిలివారికి అది వంశం, పేరు, నిలిచిన చోటు. గాథ నిలబెట్టిన ‘మానం’ ఈ లెక్కకు తిరస్కారమే.

ముగింపు

ఫ్రెంచివారు పోయినా ఆ లెక్క పోలేదు. కంపెనీ దానిని మరింత బిగించింది. ఆంగ్లేయులను పిలిచిన పూసపాటి వంశంలోనే చిన విజయరామరాజు, కంపెనీకి చెల్లించవలసిన పేష్కషు వివాదం ముదిరి, 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో మరణించాడు. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు ఆ లెక్కను చట్టం చేసింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వరకూ దాని భారాన్ని మోసినది రైతు. బొబ్బిలి గాథలలో ఆ రైతుకు చోటు దక్కలేదు. ప్రభువుల మానాన్ని కాపాడిన సాహిత్యంలో ఈ మౌనాన్ని కూడా చదివినప్పుడే వలస వారసత్వం పూర్తిగా అవగతమవుతుంది.