పిట్‌మెన్ పెయింటర్స్: గని కార్మికులు కుంచె పట్టిన నాటకం

‘ద పిట్‌మెన్ పెయింటర్స్’ ఇంగ్లండ్ రచయిత లీ హాల్ రాసిన నాటకం. 2007లో న్యూకాసిల్ లైవ్ థియేటర్‌లో మాక్స్ రాబర్ట్స్ దర్శకత్వంలో మొదటిసారి ప్రదర్శించారు. 2008లో లండన్ నేషనల్ థియేటర్‌కు, 2010లో న్యూయార్క్ బ్రాడ్‌వేకు చేరింది. దీనికి ఆధారం కళా విమర్శకుడు విలియం ఫీవర్ రాసిన పుస్తకం. అందులోని మనుషులు కల్పితం కాదు.

1934లో ఆషింగ్టన్ అనే బొగ్గు పట్టణంలో గని కార్మికులు కార్మిక విద్యా సంఘం ద్వారా ఒక తరగతి పెట్టుకున్నారు. బొమ్మల్ని ఎలా అర్థం చేసుకోవాలో నేర్చుకోవడమే వాళ్ల ఉద్దేశం. పాఠం చెప్పడానికి వచ్చిన రాబర్ట్ లయన్ ఇటలీ మహా చిత్రకారుల స్లైడ్లు వేసి చూపిస్తే ఎవరికీ ఎక్కలేదు. దాంతో ఆయన, అయితే మీరే గీయండి అన్నాడు. ఇళ్లకు వేసే చవక రంగులతో అట్టల మీద, చెక్కల మీద తమ బతుకునే గీశారు: ఇరుకు సొరంగం, షిఫ్టు దిగాక స్నానం, కుక్కల పందెం. 1936కల్లా వాళ్ల బొమ్మలు న్యూకాసిల్ హాటన్ గ్యాలరీలో ప్రదర్శనకు ఎక్కాయి.

నాటకానికి గుండెకాయ ఆలివర్ కిల్‌బోర్న్ ఘట్టం. నౌకా కంపెనీ అధిపతి కూతురు హెలెన్ సదర్లండ్ అతనికి వారం వారం జీతమిస్తాను, గని మానేసి బొమ్మలే వెయ్యమంటుంది. అతను ఒప్పుకోడు. తనవాళ్లను వదిలి వెళ్తే తను గీసేది ఎవరి బొమ్మ? మన దగ్గర బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం ఈ ప్రశ్నకు అవతలి కొస నుంచి జవాబిచ్చింది. పాలేరు చదువుకోవాలి, అధికారి కావాలి అంది. ఊరూరా ఆడిన నాటకమది. రెండూ నిజాలే. దొర ఇంటి గడప దాటడమే యుద్ధమైన చోట, ఒక్కడు పైకి రావడం మొత్తం వాడకు దారి. అయితే ఆ ఒక్కడు వెనక్కి చూడకపోతే ఏమవుతుందన్నది ఆలివర్ భయం.

లీ హాల్ నాటకంలో కులం లేదు, ఉండదు కూడా. కానీ చేత్తో పనిచేసేవాడికి కళ అర్థం కాదన్న అహంకారం మనకు కొత్తా? డప్పు కట్టేవాడిదీ తోలుబొమ్మ చేసేవాడిదీ ‘వృత్తిపని’, పటం కట్టించి గోడకు తగిలించింది ‘కళ’. పనివాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు మాత్రం ఈ నాటకంలో కనబడరు. వేదిక మీద ఉన్నవాళ్లు డబ్బున్న హెలెన్, బొమ్మకు నిలబడే మోడల్ అమ్మాయి. ఇది లోపమే.

చివరి దృశ్యం 1947, బొగ్గు గనులు జాతీయమైన వేళ. గని ఇక మనది అన్న సంబరం వేదిక నిండా ఉంటుంది. ఆషింగ్టన్ గని 1988లో మూతపడిందని ప్రేక్షకుడికి తెలుసు. 2021 జనవరి 27న విశాఖ ఉక్కులో నూరు శాతం వాటాల అమ్మకానికి కేంద్రం ఆమోదం తెలిపిన రోజు గుర్తున్న పెందుర్తి, గాజువాక కార్మికులకు ఈ దృశ్యాన్ని వివరించనక్కర్లేదు.

ఆ బృందం వేసిన చిత్రాలు ఇప్పుడు ఆషింగ్టన్ పక్కనే, 1981లో మూతపడిన వుడ్‌హార్న్ గని ఆవరణలోని మ్యూజియంలో ఉన్నాయి.