కేసీ కాలువ నీళ్లు వద్దన్న రైతులు

వాతావరణం మారిపోతాంది, సాగు మార్చుకోండి అంటే రైతులు వినరు, మొండోళ్లు అనే మాట ఈమధ్య బాగా వినబడుతోంది. ఇది కొత్త మాటేం కాదు. 150 ఏళ్ల కిందట మన కర్నూలు, కడప రైతుల్నీ ఇట్లే అన్నారు.

1858లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒకటి పుట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తవ్వింది. కంపెనీ పెట్టిన 10 లక్షల పౌండ్లకు ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీ అని సర్కారు రాసిచ్చింది. నీళ్లు పారినా పారకపోయినా వాటాదారులకు వడ్డీ వస్తుంది.

కాలువలోకి నీళ్లొచ్చినాయి. మనోళ్లు మాత్రం తీసుకోలేదు. నల్లరేగడిలో నాలుగు వానలు పడితే జొన్న, కొర్ర, పత్తి పండుతాయి. తడి పైరు పెట్టాలంటే నేల చదును చేయాల, పిల్లకాలువ తీయాల, అప్పు తేవాల, పైన నీటితీరువా కట్టాల. పంట పోతే రైతుకు గ్యారంటీ ఇచ్చే వాడెవడూ లేడు.

1876-78లో ధాత కరువు వచ్చింది. అప్పుడు అందరూ కాలువకు పరుగెత్తినారు. కానీ 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తగ్గిపోయినారు. వానలు మళ్లీ పడేసరికి చాలామంది పాత సేద్యానికే పోయినారు. చివరికి 1882లో సర్కారే కాలువ కొనేసింది.

ఇంకోటి చూడండి. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయల బియ్యం పెట్టినారు. జొన్నరొట్టె, కొర్రన్నం తినే సీమ తెల్లన్నానికి అలవాటు పడిపోయింది. ఎవరూ మొండికేయలేదు. అక్కడ నష్టం రైతు నెత్తిన లేదు కాబట్టి!

ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం చేయండి, కొర్రలు వేయండి అంటాండారు. మంచి మాటే. అయితే ఏడాది కౌలుకు తీసుకున్నోడు మూడేళ్లకు బాగుపడే నేల మీద ఎందుకు పెట్టుబడి పెడతాడు? కొర్రలు పండిస్తే ఖచ్చితంగా కొనేదెవరు?

మనం కూడా ఒకటి ఆలోచించాల. కరువొచ్చినాక పరుగెత్తితే ఎంత నష్టమో ధాత చూపించింది. మారడం తప్పదు. కాకపోతే ఆనాడు కంపెనీకి ఇచ్చిన గ్యారంటీ, ఈనాడు రైతుకు రాసివ్వమని మనం కరువు రాకముందే అడగాల. మీ ఊర్లో ఎవరైనా అడుగుతాండారా? కామెంట్లో చెప్పండి.